టెక్ సందేహాలు: బొమ్మ బాగుంది, గుడ్డ మీదే చెడుతోంది!

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువ భాగం ఎంబ్రాయిడరీ మిషన్ల గురించే. సొంతంగా బట్టలు కుట్టుకునేవాళ్లు, బహుమతులు తయారుచేసేవాళ్లు డిజైన్ ఎంచుకునే దగ్గరే ఇబ్బంది పడుతున్నట్టున్నారు, అందుకే వాటన్నిటినీ ఒకచోట పెట్టాను.

నెట్‌లో నచ్చిన పువ్వు బొమ్మను జేపీజీగా దించుకుని పెన్‌డ్రైవ్‌లో వేశాను. మిషన్ స్క్రీన్ మీద అసలు కనిపించడమే లేదు. పోర్టు పాడైందంటారా?

పోర్టుకేం కాలేదు. జేపీజీలో ఉండేది రంగు చుక్కలే. మిషన్‌కి కావాల్సింది సూది ఎక్కడ దిగాలి, అక్కణ్నుంచి ఎటు జరగాలి, దారం మార్చడానికి ఎప్పుడు ఆగాలి అనే లెక్క. ఆ లెక్క ఉన్న ఫైల్ ఒక్కో కంపెనీకి ఒక్కో రకం: బ్రదర్‌కి పీఈఎస్, జానోమ్‌కి జేఈఎఫ్, హస్క్‌వర్నా వైకింగ్, ఫాఫ్ మిషన్లకి వీపీ3. టజిమా వాళ్ల డీఎస్‌టీని మాత్రం ఫ్యాక్టరీ మిషన్లతో పాటు ఇంట్లో వాడే చాలా మిషన్లు కూడా చదువుతాయి, కాకపోతే అందులో దారం రంగుల వివరం ఉండదు, అందుకే గులాబీ నీలంగా, ఆకు ఎర్రగా కనిపించి కంగారు పెడుతుంది. డిజైన్‌తో ఇచ్చిన కలర్ చార్ట్ చూసుకుంటూ కుట్టేయండి. ఫైల్ పేరు చివర జేపీజీ తీసేసి పీఈఎస్ అని రాస్తే మారిపోదండోయ్, ఆ ప్రయత్నం చేసినవాళ్లు నాకు ఇప్పటికి ముగ్గురు తగిలారు!

సరైన ఫైల్ వేసినా కనిపించకపోతే డిజైన్ కొలత చూడండి. మీ హూప్ (గుడ్డను బిగించే చట్రం) 100 × 100 మిల్లీమీటర్లదైతే, 130 × 180 హూప్‌కి చేసిన డిజైన్‌ని కొన్ని మిషన్లు చూపించనే చూపించవు. పెన్‌డ్రైవ్‌ని ఫార్మాట్ చేసేటప్పుడు వచ్చే ఎంపికల్లో ఫ్యాట్32 (FAT32) ఎంచుకుని, ఫైల్ పేరు చిన్నగా పెట్టి, ఫోల్డర్లేవీ లేకుండా బయటే వేసి చూడండి.

ఒకటే డిజైన్. గుడ్డ సంచి మీద అద్భుతంగా వచ్చింది, టీషర్ట్ మీద కుడితే చుట్టూ ముడతలు. డిజైన్‌లో తప్పుందా, నాలోనా?

ఇద్దరిలోనూ లేదు, జత కుదరలేదంతే. చాలామంది బొమ్మ అందం చూసి డిజైన్ కొంటారు. నేనైతే ముందు కుట్ల సంఖ్య చూస్తాను, ఆ తర్వాతే బొమ్మ. మామూలుగా వాడే 40 వెయిట్ దారంతో (ఈ అంకె పెరిగే కొద్దీ దారం సన్నం) నిండుగా నింపే డిజైన్లలో వరసకీ వరసకీ మధ్య దాదాపు 0.4 మిల్లీమీటర్ల ఎడం ఉంటుంది. 10 సెంటీమీటర్ల చతురస్రాన్ని అలా నింపితే 250 వరసలు, ఒక్కో వరస 10 సెంటీమీటర్లు, అంటే పైదారమే 25 మీటర్లు. కింద బాబిన్ దారం, అడుగున వేసే పునాది కుట్లు దానికి అదనం. సాగే టీషర్ట్ గుడ్డ అంత దారాన్ని ఎలా మోస్తుంది చెప్పండి? సంచి గుడ్డ మందం కాబట్టి మోసింది.

సాగే గుడ్డకి, పల్చటి గుడ్డకి గీతలతో వేసిన డిజైన్లు, లోపల ఖాళీ వదిలిన పువ్వులు ఎంచుకోండి. నిండు డిజైనే కావాలంటే టీషర్ట్ అడుగున కట్-అవే స్టెబిలైజర్ (గుడ్డ సాగకుండా ఆపే పొర, కుట్టాక మిగిలింది కత్తిరించేయాలి) పెట్టాల్సిందే, చించేసే రకం ఉతికిన కొద్దీ పట్టు వదిలేస్తుంది. సూది 75/11 సైజు బాల్‌పాయింట్ (మొన గుండ్రంగా ఉండేది) అయితే పోగులు తెగవు. హూప్‌లో బిగించేటప్పుడు గుడ్డను లాగకండి, లాగి కుట్టిన గుడ్డ హూప్ తీయగానే వెనక్కి ముడుచుకుంటుంది, మీ ముడతల్లో సగం అక్కణ్నుంచే వచ్చి ఉంటాయి. టవల్ అయితే పైన నీళ్లలో కరిగే పొర ఒకటి పరవండి, లేకపోతే టవల్ నూలు కుట్ల మధ్య నుంచి పైకి పొడుచుకొస్తుంది.

13 సెంటీమీటర్ల నెమలిని మిషన్‌లోనే 6 సెంటీమీటర్లకి తగ్గించుకోవచ్చా? పాపాయి గౌను జేబు మీదకి.

వద్దు. కొలత సగానికి తగ్గితే వైశాల్యం నాలుగో వంతవుతుంది, చాలా మిషన్లేమో కుట్ల సంఖ్య తగ్గించవు. అవే కుట్లు నాలుగో వంతు చోటులో పడితే గుడ్డ అట్టముక్కలా తయారవుతుంది, సూది విరిగినా ఆశ్చర్యం లేదు. 10 శాతం అటూ ఇటూ అయితే భయం లేదు, 20 దాటితే అదే డిజైన్ చిన్న సైజులో దొరుకుతుందేమో వెతకండి. కుట్లను మళ్లీ లెక్కగట్టే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి కానీ నెమలి కన్ను, ఈకల కొసలు లాంటి చిన్న వివరాలు అప్పుడూ ముద్దే అవుతాయి. పెంచేటప్పుడు ఇంకో గొడవ: సాటిన్ కుట్టు (ఒక అంచు నుంచి ఇంకో అంచుకి పక్కపక్కనే పడేది) 7 మిల్లీమీటర్ల వెడల్పు దాటితే వదులుగా వేలాడి పాపాయి వేళ్లకి చిక్కుకుంటుంది.

బహుమతిగా ఇచ్చే చేతిరుమాలు మీద తెలుగులో పేరు కుట్టాలి. మిషన్‌లో తెలుగు లేదు.

ఇంక్‌స్కేప్ అనే బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్, దానికి తోడు ఇంక్‌స్టిచ్ అనే ఎక్స్‌టెన్షన్ వేసుకోండి, రెండూ ఉచితమే. పేరు టైప్ చేసి, పాత్ మెనూలో ఆబ్జెక్ట్ టు పాత్ నొక్కితే అక్షరాలు బొమ్మలుగా మారతాయి, వాటికి కుట్లు ఇచ్చి మీ మిషన్ ఫార్మాట్‌లో సేవ్ చేయడమే. కొన్ని ఎంబ్రాయిడరీ సాఫ్ట్‌వేర్లు నేరుగా తెలుగు టైప్ చేస్తే ఒత్తుల్ని విడగొడతాయి. ఒకసారి మా మేనకోడలి పేరు కుట్టి, అంతా అయ్యాక చూస్తే ఒత్తు కింద లేదు, పక్కన పూర్తి అక్షరమై కూర్చుంది. కత్తెరతో కుట్లు విప్పడానికి సాయంత్రమంతా పట్టింది.

ఇంగ్లిష్ పెద్దక్షరాలు 5, 6 మిల్లీమీటర్ల ఎత్తులో కూడా చదవగలిగేలా వస్తాయి. మన అక్షరాలకి గుడులు, ఒత్తులు, తలకట్లు ఉన్నాయి కదా, నేనైతే అక్షరం 12 మిల్లీమీటర్లకి తగ్గకుండా చూసుకుంటాను. తలకట్టుకీ అక్షరానికీ మధ్య సందు దారంతో పూడుకుపోకూడదు. కొసలు సన్నగా తేలిపోయే ఫాంటు వద్దు, గీత అంతా ఒకే మందంలో ఉన్నది తీసుకోండి. 60 వెయిట్ సన్న దారం, 65/9 సూది దొరికితే ఇంకా శుభ్రంగా వస్తుంది.

ఏఐతో గీయించిన బొమ్మను ఆటో డిజిటైజ్ చేస్తే, అంటే సాఫ్ట్‌వేరే కుట్లుగా మార్చేలా చేస్తే సరిపోదా?

అందులో రంగులు ఒకదాన్లోకి ఒకటి కలిసిపోయి ఉంటాయి. సాఫ్ట్‌వేర్ వాటిని వందల చిన్న ముక్కలుగా కోస్తుంది, మీరు దారం మార్చి మార్చి అలిసిపోతారు. నాలుగైదు చదునైన రంగులు, స్పష్టమైన అంచులు ఉన్న బొమ్మ గీయించుకోండి, అప్పుడు ప్రయత్నించవచ్చు.

కొన్న డిజైన్‌తో కుట్టి అమ్ముకోవచ్చా?

లైసెన్స్‌లో వ్యక్తిగత వాడకానికి మాత్రమే అని ఉంటే అమ్మకూడదు. చాలామంది డిజైనర్లు కుట్టిన వస్తువు అమ్ముకోనిస్తారు, ఫైల్ మాత్రం ఇంకొకరికి పంపొద్దంటారు. కార్టూన్ పాత్రల డిజైన్లయితే అమ్మినాయనకే హక్కు ఉండకపోవచ్చు, వాటి జోలికి పోకండి. కొన్న రోజునే లైసెన్స్ పేజీని కూడా డిజైన్ ఫోల్డర్‌లో సేవ్ చేసి పెట్టుకోండి, ఆరు నెలల తర్వాత ఏది ఎక్కడ కొన్నారో గుర్తుండదు.