హెర్పిస్‌కు ఆపరేషన్ ఉందా? నేనూ అడిగిన ప్రశ్నే

విజయవాడ నుంచి మీరు అడిగింది ఇది: "మూడేళ్లుగా జననాంగం మీద నెలనెలా హెర్పిస్ పుళ్లు వస్తున్నాయి. ఎప్పుడూ ఒకటే చోట. అక్కడి చర్మం కోయించుకున్నా, ఆ నరం కట్ చేయించుకున్నా పీడ విరగడవుతుందా?"

అవదండీ. ఇదే మాట అడగడానికి నేను డబ్బు జేబులో పెట్టుకుని సర్జన్ దగ్గరికి వెళ్లాను కాబట్టి చెబుతున్నాను.

గుంటూరులో ఒక మిర్చి కమీషన్ కొట్లో లెక్కలు రాస్తాను. సీజన్‌లో అర్ధరాత్రి దాకా పని. నిద్ర తప్పిందంటే చాలు, రెండు రోజుల్లో తొడ పక్కన చిరచిర, ఆ తర్వాత నీటి పొక్కులు. చేతిలో ఉన్న విద్య ఊరుకోదు కదా, డైరీలో ఎర్ర సిరాతో టిక్కు పెట్టేవాణ్ని. ఒక ఏడాది 11 టిక్కులు. ఇంట్లో అమ్మకు "అక్కి" అని అబద్ధం చెప్పాను. జాజుతో అక్కి రాయించుకు రమ్మని ఆవిడ ఒకటే పోరు. ఎక్కడ రాయించుకోవాలో ఆవిడకెలా చెప్పను! (అక్కి వైరస్ వేరు, కుటుంబం మాత్రం ఒకటే.)

సర్జన్ కంటే ముందు ఇంకో పొరపాటు చేశాను. ఒక క్లినిక్ వాళ్లు లేజర్‌తో కాల్చేస్తే మళ్లీ రాదన్నారు. 18 వేలు కట్టాను. కాల్చిన పుండు మానకముందే పక్కన కొత్త పొక్కులు లేచాయి. అప్పుడొచ్చింది కోయించుకోవాలన్న ఆలోచన.

సర్జన్ పెద్దాయన, పల్లెటూరి మనిషి. కోప్పడలేదు. "పొలంలో తుంగ పైన కోస్తే పోతుందా? గడ్డ నేలలో ఉంటుంది" అన్నారు. హెర్పిస్ తెచ్చే వైరస్ ఉండేది చర్మంలో కాదట. నడుము కింద వెన్నుపూస పక్కన నరాల ముడులుంటాయి, వాటిలో నిద్రపోతుంది. లేచినప్పుడల్లా నరం వెంట దిగి చర్మం మీదికొస్తుంది. చర్మం కోస్తే పక్క చర్మానికి వస్తుంది. "పోనీ ఆ ముడే తీసేయండి సార్" అన్నాను. మూత్రాన్ని, మలాన్ని పట్టి ఉంచేదీ, స్పర్శ తెలిసేదీ ఆ నరాలతోనే అన్నారు. ఇంక నోరు మూసుకున్నాను.

నరం జోలికెళితే వైరస్ ఊరుకోదని తర్వాత చదివాను. ముఖం నరం నొప్పికి ఆపరేషన్ చేసిన కొందరికి ఆ తర్వాత ఇవే పొక్కులు లేచాయని హార్వీ కుషింగ్ అనే అమెరికా సర్జన్ 1905లోనే రాశాడు. పెదాలపై పొక్కులొచ్చే అలవాటున్నవాళ్లకు ముఖం మీద లేజర్ చేసేముందు డాక్టర్లు ఎసైక్లోవిర్ అనే వైరస్ మందు మొదలుపెట్టించేది కూడా అందుకే. సున్తీ గురించీ అడిగేవాళ్లున్నారు. అది వైరస్ సోకే ముప్పును కొంత తగ్గిస్తుందని ఆఫ్రికాలో పరిశోధనలు చెప్పాయి, సోకాక మాత్రం మందుగా పనికిరాదు.

మరి నాకు పనిచేసిందేమిటంటే, రోజూ బిళ్ల. అంతకుముందు పుండు వచ్చాక వారం మింగి ఆపేసేవాణ్ని. స్కిన్ డాక్టరు ముందు పుండు నుంచి స్వాబ్ (దూదిపుల్లతో నమూనా) తీయించి, వైరస్‌ను పట్టే పీసీఆర్ పరీక్ష చేయించారు, హెచ్‌ఐవీ, కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ కూడా చూశారు. తర్వాత ఎసైక్లోవిర్ 400 మి.గ్రా. రోజుకు రెండుసార్లు, పుండున్నా లేకున్నా. వాలాసైక్లోవిర్ అయితే రోజుకు ఒకసారే, ఖరీదు కొంచెం ఎక్కువ. ఇలా వాడితే అటాక్‌లు నూటికి 70-80 వంతులు తగ్గుతాయన్నారు. నా డైరీలో మరుసటి ఏడాది టిక్కులు రెండు. వైరస్ పోలేదు, పోదు. కిడ్నీ జబ్బుంటే డోసు మారుతుంది కాబట్టి నా చీటీ చూసి మీరు కొనుక్కోకండి. ఏడాదికోసారి ఆపి చూద్దామంటారు డాక్టరు. కాలం గడిచేకొద్దీ చాలామందికి వాటంతటవే తగ్గుతాయి కూడా.

మా ఆవిడకు చెప్పడం వీటన్నిటికంటే కష్టమైంది. వారం మాట్లాడలేదు. తర్వాత ఆవిడే డాక్టరును అడిగింది, తనకు రాకుండా ఏం చేయాలని. రోజూ బిళ్ల వాడితే అంటించే అవకాశం తగ్గుతుందని, వాలాసైక్లోవిర్‌తో సగం దాకా తగ్గినట్టు తేలిందని, కండోమ్ తోడైతే ఇంకా మేలని, చిరచిర మొదలైన రోజు నుంచి దూరంగా ఉండమని చెప్పారు. ఆ బిళ్ల నేను మర్చిపోయినా ఇప్పుడు ఆవిడే గుర్తుచేస్తుంది.

ఖర్చు గురించి భయమైతే ప్రభుత్వాసుపత్రుల్లో సుఖవ్యాధులకు సురక్షా క్లినిక్ అని ఉంటుంది. చూడటం, మందులు ఉచితం. హెర్పిస్ పుండుకు ఎర్ర కిట్ ఇస్తారు, అది ఒక అటాక్‌కు సరిపడా ఎసైక్లోవిర్. రోజువారీ బిళ్ల సంగతి అక్కడి డాక్టరును విడిగా అడగాలి. పొక్కు లేచిన మొదటి ఒకటి రెండు రోజుల్లోనే వెళ్లండి, ఎండిపోయాక స్వాబ్‌లో వైరస్ దొరక్కపోవచ్చు.

విజయవాడలో తెలిసినవాళ్లు కనపడతారని మొహమాటమైతే రైలెక్కి గుంటూరు రండి. ఆ భయంతోనే నేను మొదట విజయవాడ వచ్చాను లెండి.