స్లాబ్ మీద కూరగాయలు: కొత్తగా మొదలుపెట్టే బిడ్డకు

బిడ్డా,

నల్లగొండలో కిరాయి ఇంటి స్లాబ్ మీద కూరగాయలు పెడతానని రాసినవు. సంతోషం. కానీ ఒకేసారి 30 కుండీలు కొనకు. 6 పెయింటు బకెట్లు, 2 వెడల్పు టబ్బులు చాలు. మొదటి పంటకు నువ్వు నేర్చుకోవాల్సింది ఒక్కటే, నీళ్ల సంగతి. ఎంత పొయ్యాలె, ఎప్పుడు పొయ్యాలె, ఏ నీళ్లు పొయ్యాలె. మన దిక్కు కుండీల్లో మొక్కలు ఎక్కువగా నీళ్ల కాడనే పోతయి.

20 లీటర్ల బకెట్‌లో వంకాయ గానీ మిరప గానీ ఒక్కటే మొక్క పెట్టు. బెండ అయితే రెండు పట్టినా నడుస్తది. ఆకుకూరలకు లోతు అక్కర లేదు, 8 అంగుళాలు చాలు, వెడల్పు కావాలె. ఆనిగెపుకాయ, బీర లాంటి తీగలకు 50 లీటర్ల డ్రమ్ము, పైన పందిరి ఉండాలె, ఈ ఏడు వాటి జోలికి పోకు. గోడలకు వేసే నీళ్ల పెయింటు బకెట్లే తీసుకుని లోపలి పొర మొత్తం గీకి కడుగు. పురుగుమందులు పోసిన డబ్బాలు ఎన్నిసార్లు కడిగినా వద్దు.

ఇనుప చువ్వ కాల్చి, అడుగున చిటికెన వేలు మందం చిల్లులు 5 పెట్టు. పక్కకు, అడుగు నుంచి అంగుళం పైన, ఇంకో రెండు పెట్టు. అడుగువి మూసుకుపోయిన రోజు అవే కాపాడుతయి. బకెట్‌ను స్లాబ్ మీద అట్లనే పెట్టకు, కింద ఇటుకలు పెట్టు. లేకుంటే చిల్లి కింద తడి ఆరక స్లాబ్ చెమ్మ పడుతది, ఇంటాయనతో మాట వస్తది. తడి మట్టితో ఒక్కో బకెట్ 25 కిలోల దాకా తూగుతది కాబట్టి గోడల మీదుగా, దూలాల మీదుగా వరుస పెట్టు, నడిమిట్ల కుప్ప పెట్టకు.

ఎర్ర చెల్క మట్టి 2 పాళ్లు, మాగిన పెంట 1 పాలు, కొబ్బరిపొట్టు 1 పాలు కలుపు. బకెట్‌కు 100 గ్రాముల వేపపిండి (వేపగింజల నూనె తీసినంక మిగిలే పిప్పి) వెయ్యి. ఒట్టి రేగడి మట్టి నింపితే ఎండకు బిగుసుకుని అంచు వెంబడి పగులుతది, పోసిన నీళ్లు ఆ పగులులోంచి కిందికి జారిపోతయి, వేరుకు చుక్క అందదు. పెంట మాగిందో లేదో చూడాలంటే గుప్పిట పట్టి పిసుకు. చాయ్‌పత్తి లెక్క పొడిపొడిగా రాలి, పేడ వాసన రాకుంటేనే పనికొస్తది. పచ్చిది వేస్తే వేడికి వేర్లు మాడుతయి, తెల్ల వేరుపురుగు కూడా దాంతోనే వస్తది. కొబ్బరిపొట్టులో ఉప్పు ఉంటది, రెండుసార్లు నానబెట్టి పిండినంకనే కలుపు. అది దొరకకుంటే మిర్యాలగూడ మిల్లుల దిక్కు నుంచి వచ్చే వరి ఊక వాడొచ్చు. కానీ ఊక బూడిద, కట్టెల బూడిద వద్దు. మన నీళ్లకే సున్నం గుణం ఎక్కువ, బూడిద దాన్ని ఇంకా పెంచుతది.

పైన రెండు అంగుళాలు వెలితి ఉంచి నింపు. నీళ్లు పోసి 10 రోజులు అట్లనే వదిలెయ్యి. అంతదాక విత్తనం పెట్టకు.

ఇగ నీళ్లు. ఫ్లోరైడ్ బాధ తెలిసిన జిల్లా మనది, బోరు నీళ్ల సంగతి నీకు చెప్పాల్సిన పని లేదు. కాగు లోపల అడుగున తెల్లటి పొర కడుతది చూడు, ఆ సున్నమే మట్టి మీద, బకెట్ అంచుకు కూడా తేలుతది. అది పేరుకుంటే లేత ఆకులు పసుపు పడుతయి, ఈనెలు మాత్రం పచ్చగ ఉంటయి. మట్టిలో ఇనుము ఉన్నా మొక్క తీసుకోలేకపోతది. కొత్తోళ్లు ఎరువు తక్కువైందని ఇంకింత వేస్తరు, దానితో ఏమీ మారదు. వాన నీళ్లు, ఏసీ నీళ్లు డ్రమ్ముకు పట్టు. నల్లాకు కృష్ణ నీళ్లు వచ్చిన రోజు అవి పట్టి ఉంచు. బియ్యం కడిగిన నీళ్లు ఏ రోజువి ఆ రోజే పొయ్యి. ఫిల్టర్ మిషన్ పక్క పైపు నుంచి కారే నీళ్లు మాత్రం ఎన్నడూ వద్దు, ఉప్పంతా వాటిలోనే చేరుతది. బోరు నీళ్లే దిక్కయితే 15 రోజులకు ఒకసారి అడుగు చిల్లుల నుంచి ధారగా కారేదాక పొయ్యి, పేరుకున్న ఉప్పు కొంత కడుక్కుపోతది.

రోజూ ఇంత అని కొలత పెట్టుకోకు. వేలు రెండు కణుపులు మట్టిలో గుచ్చు. చల్లగ తగిలి మన్ను అంటుకుంటే ఆ పూట పొయ్యకు, పొడిగా రాలితే పొయ్యి. ఆకులు వాడినయి కదా అని చూడంగనే చెంబు ఎత్తకు, వేర్లు నీళ్లలో మురిగినా పైన అట్లనే వాడుతయి. మిట్టమధ్యాహ్నం వాలినది పొద్దుగూకినంక లేచి నిలబడితే అది ఎండ దెబ్బే. పొద్దుగాల కూడా వాలే ఉండి మట్టి తడిగ ఉంటే వేరు కుళ్లినట్టు. నీళ్లు ఆపి, చిల్లుల్లో పుల్ల పెట్టి తియ్యి.

రోహిణిలో రోళ్లు పగులుతయి, ఆ ఎండల్లో ఏదీ నాటకు. మృగశిర వచ్చి, ఒక మంచి వాన పడినంక మొదలుపెట్టు. ముందు టబ్బుల్లో తోటకూర, పుంటికూర (గోంగూర), పాలకూర. తోటకూర విత్తనం ఇసుకలో కలిపి పలుచగ చల్లు, పైన పలుచటి మన్ను పొర చాలు. లోతుగ పడితే మొలవదు. 3–4 రోజులకు మొలుస్తది, 25–30 రోజులకు కోతకు వస్తది. చీమలు విత్తనం ఎత్తుకపోతయి, టబ్బు చుట్టూ పసుపు చల్లు. కొత్తిమీర దసరా దాటినంకనే మంచిగ వస్తది.

అందరికీ టమాట మీదనే మోజు. మొదటి పంటకు అది వద్దు. వానలకు ఆకుమచ్చ పడుతది, ఎండలు 35 డిగ్రీలు దాటితే పూత రాలుతది. ఆగస్టు చివర నారు పోసి 25 రోజులకు నాటితే చలికి కాయ నిలుస్తది. ఒకరోజు ఎండబెట్టి ఒకరోజు ముంచేస్తే కాయ అడుగు నల్లగ మాడుతది, అది పురుగు కాదు, నీళ్ల తప్పు.

టమాటకు బదులు ఆ మృగశిర వానకే బకెట్లల్ల బెండ వెయ్యి. విత్తనం రాత్రంతా నానబెట్టి, అంగుళం లోతున 4 పెట్టి, బలమైన రెండు ఉంచు. 45 రోజులకు కాయ. రెండు రోజులకోసారి కొయ్యి, ఆగితే ముదిరి నార పడుతది. 25వ రోజు నుంచి 15 రోజులకోసారి పల్లి చెక్క (పల్లీల నూనె తీసినంక మిగిలే పిప్పి) నీళ్లు పొయ్యి: 100 గ్రాములు లీటరు నీళ్లలో 3 రోజులు నానేసి, 10 లీటర్లు కలిపి, బకెట్‌కు అర లీటరు. ఈనెలు పసుపు వల లెక్క కనబడితే ఆ మొక్క పీకి పారెయ్యి, మందు లేదు. తెల్లదోమ దాన్ని పక్క మొక్కలకు పాకిస్తది. దోమకు, పేనుబంకకు 5 మి.లీ. వేపనూనెలో కొంచెం సబ్బు ద్రావణం ముందు కలిపి, తర్వాత లీటరు నీళ్లు పొయ్యి. సబ్బు లేకుంటే నూనె పైన తేలుతది. మాపటిపూట, ఆకు అడుగున కొట్టు.

మీ వాడకు కోతులు వస్తయా? వస్తే వల కట్టకుండా వంకాయ, బెండ పెట్టకు. మిరప, పుంటికూరను అవి తక్కువ ముట్టుకుంటయి. మార్చి నుంచి 50 శాతం పచ్చ నీడవల కట్టాలె, మట్టి మీద పల్లి పొట్టు రెండు అంగుళాలు పరువాలె.

బెండ, పుంటికూర విత్తనాలు కాయితంలో కట్టి పంపుతున్న. మట్టి ఈ వారమే కలిపి పెట్టు.

నీ పెద్దమ్మ