కొండ అడవుల్లో బండ్లు తిరగని గ్రావెల్ దారులు ఎలా వెతుక్కోవాలి?

"కొండలు, దట్టమైన అడవి, గ్రావెల్ బైక్ మీద రోజంతా తిరగాలి, బండ్లు మాత్రం ఎదురు రాకూడదు. మంచి రూట్లు చెప్పండి" అని అడిగారు. గ్రావెల్ బైక్ అంటే కంకర దారుల మీద తొక్కడానికి చేసిన లావు టైర్ల సైకిల్. రూట్ల జాబితా ఇవ్వను. ఇచ్చినా ఒక్క వానాకాలం గడిస్తే అందులో కొన్ని దారులు గుర్తుపట్టలేనంతగా మారిపోతాయి. దానికి బదులు ఒక్క ప్రశ్న పట్టుకోండి: ఈ దారి ఎవరు వేశారు, దేనికోసం వేశారు? అడవిలో ఊరికే ఎవరూ రోడ్డు వేయరు. వేసినవాడి అవసరాన్ని బట్టే దాని వాలు, దాని నేల, దాని మీద తిరిగే బండ్లు ఉంటాయి.

దుంగల లారీల కోసం వేసిన రోడ్డయితే నిండు లోడుతో లారీ దిగాలి కాబట్టి వాలు మామూలుగా 10 శాతానికి (వంద మీటర్లకు పది మీటర్ల ఎత్తు) అటూ ఇటూగా ఉంటుంది. కొండ ఒంపుల వెంట మెలికలు తిరుగుతూ పోతుంది, అడుగున గట్టి కంకర ఉంటుంది. గ్రావెల్ బైక్‌కి ఇంతకంటే మంచి దారి లేదు. పాత రైలు కట్టల మీద వేసిన దారులు ఇంకా తేలిక. అమెరికాలో కంబర్లాండ్ నుంచి పిట్స్‌బర్గ్ దాకా 240 కిలోమీటర్లు పోయే గ్రేట్ అలెగెనీ పాసేజ్ అలాంటిదే. కొండలు దాటుతుంది కానీ నిటారు వైపు కూడా వాలు 2 శాతానికి లోపే. కాకపోతే రైలు దారికి సొరంగాలుంటాయి. ఆ దారిలోని బిగ్ సావేజ్ సొరంగాన్ని చలికాలమంతా మూసేస్తారు, అది చూసుకోకుండా బయల్దేరితే ప్లాన్ అక్కడితో ఆగిపోతుంది. పట్టాలు పీకేసి, గుప్పెడంత రాళ్లను అలాగే వదిలేసిన కట్టలు కూడా ఉంటాయి. వాటి జోలికి పోవద్దు, చదునుగా ఉన్నా గంటకు 8 కిలోమీటర్లు దాటదు.

నీళ్ల పైపులైను పక్కన, కాలువ గట్టు మీద వేసిన దారులు దాదాపు సమతలం. అసలు మోసమంతా మంటలు పాకకుండా చెట్లు కొట్టేసిన గీతలతోనూ, కరెంటు తీగల కింది ఖాళీతోనూ. శాటిలైట్ ఫోటోలో అందరికంటే ముందు కనబడేవి ఇవే, అచ్చం రోడ్డులాగే. నిజానికి అవి కొండను నిట్టనిలువునా చీల్చుకుంటూ పోతాయి, 25 శాతం వాలు అక్కడ మామూలే. కాంటూర్ గీతలున్న (ఒకే ఎత్తులో ఉన్న చోట్లను కలిపే గీతలు) మ్యాపు తెరిచి చూడండి. గీతల్ని అడ్డంగా నరుక్కుంటూ పోయేది మీ దారి కాదు. గీతల వెంట జారుతూ, అప్పుడప్పుడు ఒక్కో గీత దాటేదే మీ దారి.

జనమే కలిసి తయారుచేసే ఉచిత మ్యాపు ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో అడవి దారులకు ట్రాక్‌టైప్ అని గ్రేడు 1 నుంచి 5 దాకా ఉంటుంది. 1 అంటే తారు లేదా బాగా అణిచిన గట్టి నేల, 2 గట్టి కంకర, 3 గట్టిదీ మెత్తదీ కలిసినది, 4, 5 వచ్చేసరికి మట్టీ గడ్డీ. 2, 3 వెతకండి. 4 ఎండాకాలం ముచ్చట. 5 అంటే బైక్‌ని తోసుకెళ్లడమే. రూట్ గీస్తే యాప్ చూపించే ఎత్తుల గ్రాఫ్‌ని మాత్రం అడవిలో గుడ్డిగా నమ్మొద్దు. చాలా చోట్ల దానికి మూలం 2000 ఫిబ్రవరిలో స్పేస్ షటిల్ నుంచి రాడార్‌తో తీసిన కొలతలు. గడులు 30 మీటర్లవి, పైగా దట్టమైన అడవిలో రాడార్ తగిలింది నేలకి కాదు, చెట్ల కొమ్మలకి. కాబట్టి చెట్లు కొట్టేసిన జాగా నుంచి దారి అడవిలోకి దూరే చోట నేల మీద లేని గోడ ఒకటి గ్రాఫ్‌లో లేస్తుంది. నిజంగా ఉన్న గోడలేమో మాయమవుతాయి: 40 మీటర్ల పొడవున 18 శాతం ఎక్కుడుంటే సగటులో కలిసిపోతుంది.

లారీ రోడ్లకు ఇంకో గుణం ఉంది. చెట్టు కొమ్మల్లా చీలుతూ పోతాయి, చాలా కొమ్మల చివర లారీ తిప్పుకునే గుండ్రటి జాగా తప్ప ఏమీ ఉండదు. ఎదుటి లోయలోనూ ఇలాంటి చెట్టే ఒకటుంటుంది. రెండింటి కొనల మధ్య శిఖరం మీద 300, 400 మీటర్ల ఎడం. అక్కడ కాలిబాట ఉందో లేదో ఇంట్లోనే చూసుకోండి. ఆ కాస్త దూరం బైక్ మోస్తే రెండు లోయలూ కలిసి ఒక పూర్తి రౌండ్ అవుతుంది, బండ్లు ఆ దారిన ఎలాగూ రాలేవు. ట్రాఫిక్ లేని రూట్లు కొన్ని ఇలా పుట్టినవే.

దారి ఉంది కదా అని తొక్కే హక్కు ఉన్నట్టు కాదు. ఆస్ట్రియాలో సైకిళ్లకు ప్రత్యేకంగా తెరిచిన అటవీ రోడ్లలోనే తొక్కాలి. పక్కనున్న జర్మనీలో, బాడెన్-వుర్టెంబెర్గ్ రాష్ట్రంలో సైకిల్ తొక్కాలంటే అడవి బాట కనీసం 2 మీటర్ల వెడల్పుండాలి. ఎక్కడికెళ్తే అక్కడి నియమం ముందు చదవండి. జనం ఎక్కువగా తిరిగిన దారుల్ని వెలిగించి చూపే హీట్‌మ్యాప్‌లో గీత మెరుస్తోందంటే జనం వెళ్తున్నారనే అర్థం, అనుమతి ఉందని కాదు.

ఇక గేటు. బండ్లు లేని దారికి గేటు కంటే మంచి గుర్తు లేదు. అసలు ప్రమాదం కూడా అక్కడే. నాలుగు కిలోమీటర్ల దిగుడు, ఎండలో తెల్లటి కంకర, చివరి మలుపు దాటగానే చెట్ల నీడ. కళ్లు చీకటికి అలవాటు పడేలోపే ఎదురుగా రెండు స్తంభాలు, వాటి మధ్య తుప్పు రంగు గొలుసు, వెనక రాలిన ఆకులదీ అదే రంగు. స్తంభాలు కనబడతాయి, గొలుసు కనబడదు. గంటకు 40 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు 11 మీటర్లు. చూసి బ్రేకు పట్టేలోపే ఆ 11 అయిపోతాయి, వదులు కంకర మీద ఆగడానికి ఇంకో 20 కావాలి. మొత్తం 31 మీటర్లు. 30 వేగంలో వస్తే 20 మీటర్లు చాలు. అందుకే దిగుడు పెద్ద రోడ్డులో కలిసే ముందు ఆఖరి అర కిలోమీటరుని మ్యాపులో గుర్తు పెట్టుకుని, గేటు ఉన్నట్టే అనుకుని దిగండి.

దిగుడులో ఇంకో రెండు విషయాలు. మలుపులకు ముందు, బండ్లు బ్రేకు వేసే చోట నేల రేకు మడతల్లా అలలు తేలి ఉంటుంది. అలల మీద టైరు నేలను సరిగ్గా ముట్టుకోదు, అక్కడ బ్రేకు పడితే జారుడే. బ్రేకు అలలకు ముందే వేసేయాలి. వాననీరు పక్కకు మళ్లించడానికి దారికి అడ్డంగా ఏటవాలుగా తవ్విన కాలువలు కూడా ఉంటాయి. వాటిని దారి వెంట నేరుగా దాటితే ముందు చక్రం అంచు పట్టుకుని పక్కకు లాగుతుంది. హ్యాండిల్ కొంచెం తిప్పి కాలువను సరిగ్గా అడ్డంగా దాటండి.

ఏ బైక్ కొనాలని అడగలేదు, సంతోషం. గేర్ మాత్రం చూసుకోండి. ముందు పళ్లూ వెనక పళ్లూ సమానమైతే పెడల్ చుట్టుకి బైక్ 2.2 మీటర్లు కదులుతుంది. నిమిషానికి 60 చుట్లు తొక్కితే వేగం గంటకు 8 కిలోమీటర్లు. బైక్‌తో కలిపి 85 కిలోలుంటే, 10 శాతం కంకర ఎక్కుడులో దానికి దాదాపు 210 వాట్లు కావాలి, అరగంట పాటు అది అందరివల్లా కాదు. ముందు 30 పళ్లు, వెనక 42 పళ్లు పెడితే అదే కాళ్ల వేగానికి 150 వాట్లతో సరిపోతుంది. లేచి నిలబడి తొక్కితే వెనక చక్రం గిర్రున తిరిగిపోతుంది కాబట్టి సీటు ముందు కొన మీదకు జరిగి, ఛాతీ కిందికి వంచి కూర్చునే తొక్కాలి.

75 కిలోల మనిషికి 45 మిల్లీమీటర్ల ట్యూబ్‌లెస్ టైరులో ముందు 27, వెనక 30 పీఎస్ఐ గాలితో మొదలుపెట్టండి. రిమ్ రాయికి టంగుమని తగిలితే రెండు పెంచండి. చిల్లుల్ని తనే మూసే ద్రవం, సీలెంట్, టైరుకి 60 నుంచి 80 మిల్లీలీటర్లు. రెండు మూడు నెలలకు ఎండిపోతుంది, ఊపి చూస్తే చప్పుడు రాకపోతే అయిపోయినట్టే. పదును రాయి టైరు పక్క గోడను కోస్తే చిల్లులో దూర్చే ప్లగ్ నిలవదు. లోపల పెట్టడానికి పాత టైరు ముక్క, ఒక ట్యూబు ఉండాలి. చక్రంలో పుల్ల పడిన చప్పుడు వినగానే పెడల్ ఆపేయండి. ఇంకో అర చుట్టు తొక్కితే ఆ పుల్ల డిరేలర్‌ని (వెనక గేర్లు మార్చే భాగం) ఊచల్లోకి లాక్కెళ్లి దాన్ని ఫ్రేముకి పట్టి ఉంచే హ్యాంగర్ విరిచేస్తుంది. హ్యాంగర్ ఒక్కో బైక్‌ది ఒక్కో ఆకారం, పక్కవాడిది సరిపోదు. మీ బైక్‌ది ఒకటి, చైన్ జాయింటు ఒకటి సంచిలో పడేయండి.

కొమ్మ దారిలోకి తిరిగే ముందు ఒక్క నిమిషం దిగి నేల చూడండి. లారీ జంట టైర్ల అచ్చు వాన చినుకుల గుంటల్ని తొక్కుకుంటూ పోయి ఉంటే వాన తర్వాత లారీలు తిరిగాయి, దుంగలు మోసే పని నడుస్తోంది. పక్కనే కోత పసుపు ఆరని దుంగలు పేర్చి ఉంటే సందేహమే లేదు, ఆ రోజుకి ఇంకో కొమ్మ చూసుకోండి. చినుకుల గుంటలే టైరు అచ్చు మీద పడి ఉంటే ఆ వాన తర్వాత లారీ రాలేదన్నమాట, నిశ్చింతగా తిరగండి.