టెక్ సందేహాలు: ఒకే కీబోర్డు మీద తెలుగు, ఒడియా

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ ఒడిశా సరిహద్దు జిల్లాల నుంచే వచ్చాయి. దాదాపు అన్నింటిలోనూ ఒకటే బాధ: మిషన్ బాగానే ఉంది, కానీ విండోస్ 10కి కాలం చెల్లింది, ఇప్పుడేం చేయాలి? అందుకే ఈ విడత మొత్తం, విండోస్ బదులు ఉచితంగా వేసుకోగల లినక్స్ గురించిన ప్రశ్నలకే కేటాయిస్తున్నాను.

పర్లాకిమిడి నుంచి: "సార్, మాది చిన్న డీటీపీ షాపు. శుభలేఖలు, కరపత్రాలు, దరఖాస్తులు చేస్తాం. సగం పని తెలుగులో, సగం ఒడియాలో. మా కంప్యూటర్ మూడో తరం ఐ3, నాలుగు జీబీ ర్యామ్. విండోస్ 11 ఎక్కదంటున్నారు. లినక్స్‌కి మారితే మా రెండు భాషలూ వస్తాయా? అను ఫాంట్లలో చేసిన పాత పని సంగతేంటి?"

మీకు చెప్పింది నిజమే. విండోస్ 11కి ఇంటెల్‌లో ఎనిమిదో తరం లేదా ఆ తర్వాతి ప్రాసెసర్ కావాలి. విండోస్ 10కి మామూలు సెక్యూరిటీ అప్‌డేట్లు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయాయి. పేరు నమోదు చేసుకున్నవాళ్లకు పొడిగింపు ఉంది, అదీ 2026 అక్టోబర్ 13 వరకే. మీ మిషన్‌కి లినక్స్ మింట్ అనే రకంలో, తేలికగా నడిచే ఎక్స్‌ఎఫ్‌సీఈ వెర్షన్ సరిపోతుంది. మింట్ 22 వరుసకు 2029 ఏప్రిల్ దాకా అప్‌డేట్లు వస్తాయి.

అయితే ముందు ఒక పని చేయండి. ఇప్పుడున్న హార్డ్ డిస్కును ముట్టుకోవద్దు. దాన్ని విప్పి, మీద తేదీ రాసి, బీరువాలో పెట్టండి. ఒక చిన్న ఎస్‌ఎస్‌డీ కొని దాంట్లో లినక్స్ ఎక్కించండి. అను ఫాంట్లు, పేజ్‌మేకర్ ఫైళ్లు, కీబోర్డు సెట్టింగులు పాత డిస్కులో అలాగే ఉంటాయి. ఎప్పుడైనా పాత కార్డు మళ్లీ కావాలని ఎవరైనా వస్తే, నెట్ తీసేసి ఆ డిస్కు తగిలించుకోవచ్చు. ఒకే డిస్కులో రెండు సిస్టమ్‌లు పెట్టే ప్రయత్నంలో పార్టిషన్ చెడగొట్టుకున్న షాపులు నేను చూశాను. పదేళ్ల పని పోయాక ఎవరూ ఏమీ చేయలేరు.

అను ఫాంట్ల విషయం మొహమాటం లేకుండా చెబుతాను. అందులో టైపు చేసింది కంప్యూటర్ దృష్టిలో తెలుగు కాదు. ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో తెలుగు ఆకారాలు కూర్చిన ఏర్పాటు అది. ఆ ఫాంటు లేని మిషన్‌లో తెరిస్తే పిచ్చి అక్షరాలు కనిపించేది అందుకే. పాత మేటర్‌ని యూనికోడ్‌లోకి, అంటే ఏ మిషన్‌లోనైనా తెలుగుగానే గుర్తించే పద్ధతిలోకి, మార్చే కన్వర్టర్లున్నాయి, కానీ మార్చాక వత్తులు, సున్నాలు ఒక్కొక్కటీ చదివి సరిచూడాలి. కొత్త పని మాత్రం ఈరోజు నుంచే యూనికోడ్‌లో మొదలుపెట్టండి.

ఇక రెండు భాషల సంగతి. ఇక్కడ మీలాంటి వాళ్లకు ఒక పెద్ద సౌకర్యం ఉంది, చాలామందికి తెలియదు. ఇన్‌స్క్రిప్ట్ అనే కీబోర్డు అమరికను మన ప్రభుత్వం 1980ల్లో భారతీయ లిపులన్నిటికీ కలిపి తయారు చేయించింది. 1991లో అది భారతీయ ప్రమాణంలో భాగమైంది. అక్షరమాల వరుస మన లిపులన్నిటికీ ఒకటే కాబట్టి, ఏ లిపిలోనైనా ఒక ధ్వనికి ఒకటే కీ. ఎడమచేతి వైపు అచ్చులు, గుణింతాలు. కుడిచేతి వైపు హల్లులు. అంటే తెలుగులో వేళ్లు నేర్చుకుంటే ఒడియా కూడా చాలావరకు వచ్చేసినట్టే.

ఒక పేరు కొట్టి చూద్దాం. కె, సి, ఎన్ అనే మూడు కీలు వరుసగా నొక్కండి. లేఅవుట్ తెలుగులో ఉంటే 'కమల' అని పడుతుంది. లేఅవుట్ ఒడియాకి మార్చి అవే మూడు కీలు నొక్కితే అవే మూడు అక్షరాలు ఒడియా లిపిలో పడతాయి. ఇప్పుడు కాస్త కష్టమైనది: 'లక్ష్మి'. ఎన్, కె, డి, షిఫ్ట్ పట్టుకుని కామా, మళ్లీ డి, సి, చివర ఎఫ్. ఇందులో డి అంటే పొల్లు. అది నొక్కాక వచ్చే హల్లు దానంతట అదే వత్తుగా కిందికి చేరుతుంది. ఒడియాలో ఈ పేరు చివర దీర్ఘం రాస్తారు కనుక ఎఫ్ బదులు ఆర్ నొక్కాలి. తేడా అంతే. 'ల' ఎన్ మీద, 'ళ' షిఫ్ట్‌తో అదే ఎన్ మీద, రెండు భాషల్లోనూ. 'య' దగ్గర మాత్రం ఒడియాలో రెండు అక్షరాలున్నాయి. అక్కడ కొన్నాళ్లు చూసి కొట్టాల్సి వస్తుంది.

దీనికి లినక్స్‌లో ఏమీ కొననక్కర్లేదు, డౌన్‌లోడ్ కూడా అక్కర్లేదు. కీబోర్డు సెట్టింగ్స్‌లో లేఅవుట్ అనే చోట సిస్టమ్ డిఫాల్ట్ టిక్ తీసేసి, యాడ్ నొక్కి, ఇండియా కింద తెలుగు, ఒడియా రెండూ చేర్చండి. కొన్ని వెర్షన్లలో ఒడియా పాత స్పెల్లింగుతో 'ఒరియా' అని ఉంటుంది, కంగారు పడొద్దు. భాష మార్చడానికి ఒక షార్ట్‌కట్ కూడా అక్కడే ఎంచుకోవచ్చు. ఇంగ్లీషు అక్షరాలతో కొట్టే అలవాటు ఉన్న కుర్రాడు మీ షాపులో ఉంటే అతనికి ఐబస్ అనే టైపింగు ప్రోగ్రామ్, దాంతోపాటు ఎం17ఎన్ అనే ప్యాకేజీ వేయండి, తెలుగుకి ఆర్‌టీఎస్ పద్ధతి వస్తుంది. కానీ రోజంతా టైపు చేసే షాపుకి నా సలహా ఇన్‌స్క్రిప్టే. మొదటి రెండు వారాలు విసుగొస్తుంది. ఆ తర్వాత కీబోర్డు వైపు చూడరు.

పేజీ కట్టడానికి స్క్రైబస్ 1.6 లేదా తర్వాతి వెర్షన్ వాడండి. పాత 1.4లో తెలుగు వత్తులు విడిపోయేవి. ఒకే పేజీ కార్డుకి ఇంక్‌స్కేప్ ఇంకా హాయి. ప్రెస్‌కి పంపేముందు ఒక కాపీలో అక్షరాలన్నిటినీ పాత్‌గా, అంటే గీతల బొమ్మగా, మార్చి పీడీఎఫ్ చేయండి, అప్పుడు అవతలి మిషన్‌లో ఫాంటు లేకపోయినా పేరు చెడదు. పెళ్లికూతురి పేరులో వత్తు ఎగిరిపోతే ఆ ఇంటివాళ్లు జన్మలో మరిచిపోరు! లిబ్రే ఆఫీస్‌లో మరో తిరకాసుంది. ఇంగ్లీషుకి ఒక ఫాంటు, సైజు, తెలుగు, ఒడియాలకు ఇంకో ఫాంటు, సైజు అని అది విడివిడిగా గుర్తుపెట్టుకుంటుంది. స్టైల్‌లో సైజు మార్చినా తెలుగు అలాగే ఉండిపోతోందంటే, కాంప్లెక్స్ టెక్స్ట్ అని ఉన్న భాగంలో కూడా మార్చాలి.

ప్రింటర్ మోడల్ మీరు రాయలేదు. అది హెచ్‌పీ 1020 అయితే, ఆన్ చేసిన ప్రతిసారీ కంప్యూటర్ నుంచి ఫర్మ్‌వేర్, అంటే తనను నడిపే ప్రోగ్రామ్, ఎక్కించుకునే రకం. హెచ్‌పీ ప్రింటర్ల లినక్స్ డ్రైవర్ అయిన హెచ్‌ప్లిప్‌కి ప్లగిన్ వేయకపోతే ప్రింట్ ఇచ్చినా కదలదు. ట్యాలీ, డిజిటల్ సంతకం టోకెన్ పనులు కూడా మీ దగ్గర జరుగుతుంటే వాటికి విండోస్ ఉన్న మిషన్ ఒకటి ఉంచుకోండి. వాటి కోసం లినక్స్‌తో కుస్తీ పట్టొద్దు, కస్టమర్ ఎదురుగా నిలబడి ఉంటాడు.

అదే షాపు నుంచి రెండో ప్రశ్న: "మా తమ్ముడు లినక్స్ ల్యాప్‌టాప్ నుంచి పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేస్తే వెంటనే అయిపోయిందని చూపిస్తుంది. షాపులో పెడితే ఫైలు సగమే ఉంటుంది."

పెన్‌డ్రైవ్ నకిలీది అయ్యుండొచ్చు గానీ, ముందు అనుమానించాల్సింది అలవాటుని. లినక్స్ కాపీ చేసేటప్పుడు డేటాని ముందు ర్యామ్‌లోకి తీసుకుని, తీరిగ్గా డ్రైవ్‌లో రాస్తుంది. తెర మీద గీత నిండిందంటే ర్యామ్‌లోకి చేరిందని అర్థం, డ్రైవ్‌లోకి చేరిందని కాదు. మా మేనకోడలి ఓణీల ఫంక్షన్ వీడియో నేను ఇలాగే సగం పోగొట్టుకున్నాను. అప్పటి నుంచి, ఎజెక్ట్ నొక్కి, ఇక తీసేయొచ్చు అన్న మెసేజ్ వచ్చేదాకా డ్రైవ్ మీద చెయ్యి వేయను. పెద్ద ఫైలైతే దానికి ఒక్కోసారి రెండు మూడు నిమిషాలు పడుతుంది. కూర్చోండి.

గుణుపురం నుంచి, ఇంజినీరింగ్ విద్యార్థి: "అన్నా, లినక్స్ వేశాను, వై-ఫై అసలు కనిపించడం లేదు. డ్రైవర్ దించుకోవాలంటే నెట్ కావాలి, నెట్ కావాలంటే డ్రైవర్ కావాలి."

ఫోన్‌ని యూఎస్‌బీ కేబుల్‌తో ల్యాప్‌టాప్‌కి కలిపి, ఫోన్ హాట్‌స్పాట్ సెట్టింగ్స్‌లో యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చెయ్యి తమ్ముడూ. దానికి వేరే డ్రైవర్ అక్కర్లేదు, నెట్ వచ్చేస్తుంది. తర్వాత మెనూలో డ్రైవర్ మేనేజర్ తెరువు. వై-ఫై చిప్ బ్రాడ్‌కామ్‌ది అయితే అక్కడ కనిపిస్తుంది, ఎంచుకుని రీస్టార్ట్ చెయ్యి. ఈసారి ఎవరికైనా వేసిపెట్టేటప్పుడు, ఇన్‌స్టాల్ చేయకముందే పెన్‌డ్రైవ్ నుంచి లైవ్‌లో నడిపి వై-ఫై, సౌండు, కెమెరా చూసుకో.

జయపురం, కోరాపుట్ జిల్లా: "రెండు జీబీ ర్యామ్ ఉన్న పాత కంప్యూటర్. విండోస్ 7, 32 బిట్. పిల్లలకు పనికొస్తుందా?"

విండోస్ 32 బిట్ అయినంత మాత్రాన ప్రాసెసర్ 32 బిట్ అని కాదు. అప్పట్లో ర్యామ్ తక్కువని చాలా 64 బిట్ మిషన్లలో 32 బిట్ విండోస్ వేసి ఇచ్చేవారు. ముందు అది చూసుకోండి. నిజంగానే 32 బిట్ అయితే డెబియన్ అనే లినక్స్ రకంలో 12వ వెర్షన్ వాడండి. 2025 ఆగస్టులో వచ్చిన డెబియన్ 13 నుంచి 32 బిట్ పీసీలకు ఇన్‌స్టాలర్ లేదు. టైపింగు, లెక్కలు, బొమ్మలు గీయడం వరకు బాగుంటుంది. యూట్యూబ్ పాఠాలకు మాత్రం ఆశ పెట్టుకోవద్దు.

బరంపురం నుంచి, రిటైర్డ్ మాస్టారు: "పిల్లలు హైదరాబాద్‌లో, బెంగళూరులో ఉన్నారు. ఇంటి ఫొటోలు, మా నాన్నగారి కాగితాల స్కాన్లు అన్నీ ఒకచోట పెట్టి అందరూ చూసుకునేలా చేయాలని ఉంది. పాత ల్యాప్‌టాప్ ఉంది. దాన్ని సర్వర్‌గా మార్చవచ్చా? మాకు కరెంటు పోతూ ఉంటుంది. లినక్స్‌లో టైమ్‌షిఫ్ట్ ఆన్ చేశాను, బ్యాకప్‌కి అది చాలునా?"

మాస్టారూ, చివరి ప్రశ్నతో మొదలుపెడతాను, ఎందుకంటే అది అర్జెంటు. టైమ్‌షిఫ్ట్ చాలదు. అది సిస్టమ్ ఫైళ్లకు మాత్రమే. మీ హోమ్ ఫోల్డర్‌ని, అంటే మీ ఫొటోలున్న చోటుని, అది మామూలుగా ముట్టుకోదు. అప్‌డేట్ వల్ల మిషన్ లేవకపోతే వెనక్కి తిప్పడానికి పనికొస్తుంది. డిస్కు పోతే మీ ఫొటోలు ఇవ్వలేదు. ఈ ఉత్తరం చదివిన రోజే ఒక బయటి హార్డ్ డిస్కులోకి అన్నీ కాపీ చేయండి, మిగతావి తర్వాత.

ల్యాప్‌టాప్ సర్వర్‌కి చక్కగా పనికొస్తుంది. మీ కరెంటు ఇబ్బందికి దాని బ్యాటరీయే యూపీఎస్. డెస్క్‌టాప్ అయితే ఇన్వర్టర్ మీదున్నా, కరెంటు మారే క్షణంలో రీస్టార్ట్ అయిపోవచ్చు. ఇన్వర్టర్ మీద యూపీఎస్ మోడ్ అనే స్విచ్ ఉంటే అది వేసి ఉంచాలి. ల్యాప్‌టాప్‌కి ఆ గొడవ లేదు. కానీ బ్యాటరీని నెలకోసారి చూడండి. ఏడాది పొడుగునా చార్జింగులో ఉంటే ఉబ్బే ప్రమాదం ఉంది. టచ్‌ప్యాడ్ పైకి లేచినట్టు కనిపించినా, మూత సరిగ్గా పడకపోయినా వెంటనే ఆపి బ్యాటరీ తీయించేయండి. పరుపు మీదో, బీరువా పైన గుడ్డల మధ్యో పెట్టకండి.

మూత వేయగానే ల్యాప్‌టాప్ నిద్రపోతుంది కాబట్టి ఆ అలవాటు మాన్పించాలి. ఈటీసీ ఫోల్డర్‌లో సిస్టమ్‌డి లోపల లాగిన్‌డి సెట్టింగుల ఫైలు ఉంటుంది. అందులో హ్యాండిల్ లిడ్ స్విచ్ అనే లైను ముందున్న హ్యాష్ గుర్తు తీసేసి, ఈక్వల్ తర్వాత ఇగ్నోర్ అని రాసి, రీస్టార్ట్ చేయండి. తర్వాత సాంబా వేసి ఒక ఫోల్డర్‌ని షేర్ చేస్తే ఇంట్లో ఫోన్ల నుంచి, టీవీ నుంచి ఫొటోలు తెరుచుకోవచ్చు. ర్యామ్ ఎనిమిది జీబీ ఉంటే ఇమ్మిచ్ వేసుకోండి. తేదీల వారీగా, ముఖాల వారీగా ఫొటోలు చూపిస్తుంది, మనవలకు చాలా నచ్చుతుంది. నాలుగు జీబీయే ఉంటే సాంబాతో ఆగండి.

పిల్లలు హైదరాబాద్ నుంచి చూడాలంటే రూటర్‌లో పోర్టులు తెరవాలని ఎవరో ఒకరు చెబుతారు. వద్దు. ఇంట్లో అనుభవం ఉన్నవాళ్లు లేకుండా సర్వర్‌ని బయటి ప్రపంచానికి తెరిచి పెట్టకూడదు. పైగా చాలా కనెక్షన్లలో మీకంటూ పబ్లిక్ అడ్రస్ ఉండదు, ఎందరో ఇళ్లకు ఒకటే ఇస్తారు, కాబట్టి ఆ పద్ధతి పనిచేయదు కూడా. టెయిల్‌స్కేల్ వేయండి. అది వైర్‌గార్డ్ అనే వీపీఎన్ పద్ధతి ఆధారంగా పనిచేస్తుంది, సొంత వాడకానికి ఉచితం. మీ సర్వర్‌లోనూ, పిల్లల ఫోన్లలోనూ వేస్తే అందరూ ఒకే ఇంటి నెట్‌వర్క్‌లో ఉన్నట్టే ఉంటుంది.

ఇక కాపీల విషయం. డిస్కులో ఫైళ్లు అమర్చడానికి లినక్స్ వాడే ఈఎక్స్‌టీ4 పద్ధతిలో జర్నల్, అంటే మార్పుల చిట్టా, ఉంటుంది. హఠాత్తుగా ఆగిపోయినా డిస్కు సాధారణంగా తేరుకుంటుంది, ఆ క్షణంలో రాస్తున్న ఫైలు మాత్రం పోవచ్చు. అది చిన్న నష్టం. మన ప్రాంతంలో భయపడాల్సింది తుపానుకి. 2013 అక్టోబర్‌లో ఫైలిన్ మీ గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది. 2018 అక్టోబర్‌లో తిత్లీ పలాస దగ్గర తీరం దాటి, ఇటు శ్రీకాకుళం జిల్లానూ అటు గజపతి జిల్లానూ ఒకేసారి ముంచింది. అందుకని రెండో డిస్కు పర్లాకిమిడి చుట్టాలింట్లో, మూడోది పాతపట్నం వియ్యాలవారింట్లో పెడితే సరిపోదు. రాష్ట్రాలు రెండైనా వాన ఒకటే. ఒక కాపీ తప్పకుండా హైదరాబాద్‌లో అబ్బాయి దగ్గర ఉండాలి. అబ్బాయి పండక్కి వచ్చినప్పుడు కొత్త డిస్కు తెచ్చి, పాతది పట్టుకెళ్తే చాలు.

కాపీకి ఆర్‌సింక్ అనే ప్రోగ్రామ్ వాడండి, మారిన ఫైళ్లను మాత్రమే తీసుకుంటుంది. దానికి డిలీట్ అనే ఆప్షన్ ఉంది. అసలు ఫోల్డర్‌లో లేని ఫైలుని కాపీలోనూ చెరిపేస్తుంది. పొరపాటున మీ దగ్గర ఒక ఆల్బమ్ పోతే ఆ రాత్రే కాపీలోనూ పోతుంది, అందుకే మొదట్లో ఆ ఆప్షన్ జోలికి వెళ్లొద్దు. కాపీ అయ్యాక డిస్కుని వేరే కంప్యూటర్‌కి తగిలించి, నాన్నగారి కాగితాల్లో ఏదో ఒక పాత స్కాన్ తెరిచి, పెద్దది చేసి, ఆయన సంతకం చదవగలుగుతున్నారో లేదో చూడండి. చదవగలిగితే అప్పుడు ఆ డిస్కు మీద తేదీ రాయండి.