సముద్రంలో హద్దు ఎక్కడ?

ప్రశ్న: మా తమ్ముడు ఏటా గుజరాత్‌లోని వెరావల్ వెళ్లి చేపల బోటు మీద పనిచేస్తాడు. 2018లో మా జిల్లా వాళ్లను పాకిస్తాన్ పట్టుకెళ్లినప్పటి నుంచి అమ్మకు ఒకటే టెన్షన్. నీళ్లలో హద్దు దాటామని వీళ్లకెలా తెలుస్తుంది? దాటితే జైలేనా?
– ఒక సోదరి, ఎచ్చెర్ల మండలం, శ్రీకాకుళం జిల్లా

జవాబు: అమ్మా, అక్కడ ఇద్దరూ ఒప్పుకున్న హద్దే లేదు. మన కచ్‌కూ వాళ్ల సింధ్‌కూ మధ్య సర్ క్రీక్ అని 96 కిలోమీటర్ల బురద పాయ ఉంది. హద్దు తూర్పు గట్టు, పాయంతా మాదే అంటూ పాకిస్తాన్ 1914 నాటి బొంబాయి ప్రభుత్వ తీర్మానం చూపిస్తుంది. కాదు, పాయ నడిమధ్య అంటాం మనం. 1968లో పక్కనున్న ఉప్పు నేల రణ్ ఆఫ్ కచ్ తగాదా తీర్చిన ట్రైబ్యునల్ దీని జోలికి పోలేదు. నేల మీద హద్దు ఎక్కడ ఆగుతుందో తేలితే కదా, అక్కడి నుంచి సముద్రంలోకి గీత గీసేది! ఆ బురద ఎవరికి కావాలి? దాని ముందున్న సముద్రం కోసమే ఈ పంతం.

నేను కోస్ట్ గార్డ్‌లో, గుజరాత్‌లోని ఓఖా వైపు పనిచేశాను. మనవాళ్లు తెలియకే అటు పోతారనడం సగమే నిజం. జీపీఎస్ ఉంటుంది. కానీ అటువైపు చేప బాగా పడుతుంది. ఖాళీగా తిరిగొస్తే ఓనరు ఏమంటాడో బోటు నడిపే తండేలుకు తెలుసు. వల నీళ్లలో ఉండగా రాత్రిపూట పోటు లాక్కుపోవడమూ, ఇంజిన్ ఆగిపోవడమూ ఉంటాయి. 2008లో ముంబై మీద దాడికి వచ్చినవాళ్లు పోర్‌బందర్ బోటు కుబేర్‌ను లాక్కుని అందులోనే వచ్చారు. ఆ తర్వాత చేపల బోటును ఎవరూ ఉత్త చేపల బోటుగా చూడలేదు. మేమూ చూడలేదు.

ఇక జైలు సంగతి. 1982 నాటి సముద్ర చట్ట ఒప్పందంలో 73వ అధికరణం ఉంది. వేరే దేశం ఆర్థిక మండలంలో, అంటే తీరానికి 12 నాటికల్ మైళ్లు దాటాక 200 మైళ్ల దాకా, చేపలు పట్టినందుకు జైలు శిక్ష వేయకూడదు. ఆ రెండు దేశాలూ విడిగా ఒప్పుకుంటే తప్ప. పూచీకత్తు తీసుకుని త్వరగా వదలాలి. భారత్ 1995లో, పాకిస్తాన్ 1997లో దీన్ని ఆమోదించాయి. అయినా 2018 నవంబరులో పట్టుబడిన మనవాళ్లలో 20 మంది 2020 జనవరి 6న గానీ వాఘా దాటలేదు. మన దగ్గరా వాళ్ల జాలర్లు జైళ్లలో ఉంటారు, దాచడమెందుకు! ఏటా జనవరి 1న, జూలై 1న రెండు దేశాలూ ఖైదీల జాబితాలు ఇచ్చిపుచ్చుకుంటాయి. విడుదల మాత్రం ఢిల్లీ, ఇస్లామాబాద్ ఆ నెలలో ఎలా మాట్లాడుకుంటున్నాయన్న దాన్ని బట్టే.

తమ్ముడిని బోటెక్కే ముందు బోటు ఎక్కడుందో ఒడ్డుకు తెలిపే ట్రాన్స్‌పాండర్ పనిచేస్తోందో లేదో చూసుకోమనండి. బోటు పేరు, రిజిస్ట్రేషన్ నంబరు, ఓనరు ఫోన్, తమ్ముడి ఆధార్ కాపీ మీ ఇంట్లో ఉంచుకోండి. పట్టుబడినవాడు మనవాడేనని ఇక్కడి నుంచి రుజువు వెళ్లేదాకా ఫైలు కదలదు. ఆ రుజువు కోసం ఓనరు మీద ఆధారపడొద్దు.