ఒక దరి నుంచి మరో దరికి చేరేసరికే ఆయాసం: ఈ వయసులో ఈత శిక్షణ ఉపయోగపడుతుందా?

నలభై దాటిన తరువాత, ఫ్రీస్టైల్ (బోర్లా ఉండి, చేతులు ఒకదాని తరువాత ఒకటి ముందుకు వేస్తూ ఈదే పద్ధతి) వచ్చి కూడా 25 మీటర్లకే ఆయాసం వస్తోందని, కాళ్లు మునిగిపోతున్నాయని, ఇప్పుడు శిక్షణలో చేరితే ఫలితం ఉంటుందా అని మీరు అడిగారు. తప్పకుండా ఉంటుంది, మీ వివరణను బట్టి ఇది దమ్ము చాలకపోవడం కాదు, ఊపిరి వదిలే తీరులోని లోపమని నాకు అనిపిస్తోంది.

ముఖం నీటిలో ఉన్నంతసేపూ ఊపిరి బిగబట్టి, తల తిప్పిన ఆ ఒక్క క్షణంలోనే వదలడమూ పీల్చడమూ చేయబోతే రెండూ అసంపూర్తిగానే మిగులుతాయి; లోపల పేరుకునే కార్బన్ డయాక్సైడే ఆయాసాన్ని పెంచుతుంది. కాబట్టి నీటిలో నిదానంగా బుడగలు వదులుతూ, తల తిప్పినప్పుడు కేవలం పీల్చండి. గాలి కోసం తల పైకెత్తితే నడుము, దానితోపాటు కాళ్లు కిందికి దిగుతాయి. నీటి సాంద్రత గాలికంటే సుమారు 800 రెట్లు ఎక్కువ కనుక, అలా వాలిన శరీరాన్ని ముందుకు నెట్టడానికే మీ బలమంతా ఖర్చవుతుంది. చూపును కొలను అడుగున నిలిపి, మొండెంతోపాటే తలను పక్కకు తిప్పాలి.

నేనూ తల ఎత్తడం లేదనే గట్టిగా నమ్మాను. శిక్షకుడు తీసిన వీడియో చూశాకే నిజం తెలిసింది. అందువల్ల వీడియో తీసి చూపించే, ఒక్కో తరగతిలో ఒక్క లోపాన్నే సరిదిద్దే శిక్షకుణ్ణి ఎంచుకోండి. మిగతా రోజుల్లో తక్కువ దూరాలే, మధ్యలో విశ్రాంతితో ఈదండి; అలసిపోయాక కూడా కొనసాగిస్తే పాత అలవాటే బలపడుతుంది. అయితే మామూలు నడకలోనూ ఆయాసం వస్తుంటే ముందు వైద్యుణ్ణి సంప్రదించండి.