మండీ ఫారానికి స్టైల్‌షీట్ రాసే ముందు

చిత్తూరు

పాపా,

ఆశీస్సులు. మామిడికాయలు మండీకి తోలే రైతులు ముందుగానే పేరు, రకం, టన్నులు నమోదు చేసుకునే ఫారం కడుతున్నావు గదా. స్టైల్‌షీట్ అంటే పేజీ ఎలా కనపడాలో బ్రౌజర్‌కి చెప్పే ఫైలు. అందులో రంగుల సంగతి తరవాత. బ్రౌజర్ మనల్ని అడక్కుండా చేసే పనులు కొన్ని ఉన్నాయి, ముందు వాటిని సరిచెయ్యి.

పేజీ మొత్తానికి నోటో సాన్స్ తెలుగు ఫాంటు పెట్టినా ఇన్‌పుట్ (ఒక వరస రాసే గడి), సెలెక్ట్ (జాబితాలోంచి ఎంచుకునే గడి), టెక్స్ట్‌ఏరియా (చాలా వరసలు రాసే గడి), బటన్ దాన్ని తీసుకోవు. వాటికి బ్రౌజరే వేరే ఫాంటు, 13 పిక్సెళ్ళ చిల్లర సైజు ఇచ్చి ఉంటుంది. నాలుగింటికీ కలిపి ‘ఫాంట్: ఇన్‌హెరిట్’, అంటే పేజీ ఫాంటే తీసుకో, అని రాయి. సైజు 16 పిక్సెళ్ళకు తగ్గనీకు. తగ్గితే ఐఫోన్‌లో గడి తాకగానే సఫారీ పేజీని పెద్దది చేస్తుంది, ఫారం పక్కకు జరిగిపోతుంది. దీన్ని ఆపాలని పేజీ ఫోన్ తెర మీద ఎంత వెడల్పుగా పడాలో చెప్పే వ్యూపోర్ట్ ట్యాగులో జూమ్‌నే మూసేసేవాళ్ళు ఉన్నారు. ఆ పని మాత్రం చెయ్యొద్దు. చూపు తగ్గిన రైతుకు ఆ జూమే ఆధారం.

తరవాత వెడల్పు. గడికి 100 శాతం వెడల్పు, రెండు పక్కలా 12 పిక్సెళ్ళ ప్యాడింగు (అక్షరాలకూ అంచుకూ మధ్య ఖాళీ), 1 పిక్సెల్ బోర్డరు (అంచు గీత) ఇచ్చావనుకో. టెక్స్ట్ గడి 26 పిక్సెళ్ళు బయటికి పొడుచుకొస్తుంది. కిందనే ఉన్న సెలెక్ట్ మాత్రం కుదురుగా ఉంటుంది, ఎందుకంటే బ్రౌజర్ దానికి మొదటినుంచీ బోర్డర్-బాక్స్ లెక్కే, అంటే ప్యాడింగు, బోర్డరు వెడల్పులోనే కలుపుకునే లెక్కే, వాడుతుంది. అన్నిటికీ ‘బాక్స్-సైజింగ్: బోర్డర్-బాక్స్’ పెడితే తేడా పోతుంది. కొన్ని గడుల్ని ఒక గుంపుగా కట్టే ఫీల్డ్‌సెట్ వాడితే దానికి ‘మిన్-విడ్త్: 0’ కూడా రాయి. లేకపోతే లోపలున్నది ఎంత వెడల్పైతే అంతకన్నా అది కుంచించుకోదు, చిన్న ఫోన్‌లో పేజీ అడ్డంగా జారుతుంది.

ఇప్పుడు మన లిపి విషయం. ఇంగ్లీషు అక్షరాలు చూసుకుని రాసిన స్టైల్‌షీట్లలో గడి ఎత్తు 32 పిక్సెళ్ళని బిగించేస్తారు. మన గుడులు పైకి పోతాయి, ఒత్తులు కిందకి దిగుతాయి. అందుకని ఎత్తు అసలు రాయకు. పైనా కిందా 10 పిక్సెళ్ళ ప్యాడింగు, లైన్-హైట్ (వరస ఎత్తు) అక్షరం సైజుకు 1.6 రెట్లు ఇవ్వు, గడి తానే సర్దుకుంటుంది. ‘రాజ్యలక్ష్మి’, ‘కృష్ణమూర్తి’ అని టైపు చేసి చూడు. ఒక్క ఒత్తు తెగినా మళ్ళీ సరిచెయ్యాల్సిందే, తన పేరు తానే సరిగ్గా చదువుకోలేని ఫారాన్ని రైతు నమ్మడు.

లేబుల్ గడికి పైన పెట్టు, పక్కన కాదు. ‘తోట ఉన్న సర్వే నంబరు’ లాంటి మాట ఫోన్‌లో పక్కన పెడితే మూడు వరసలై గడికి చోటుండదు. లేబుల్‌లోని ‘ఫర్’, గడి ‘ఐడీ’ ఒకటే ఉండాలి, అప్పుడే మాట మీద తాకినా కర్సర్ గడిలోకి పోతుంది. గడి ఖాళీగా ఉన్నప్పుడు లోపల లేతగా కనపడే మాటని, అంటే ప్లేస్‌హోల్డర్‌ని, లేబుల్‌గా వాడొద్దు. ఒక అక్షరం కొట్టగానే అది మాయమౌతుంది, అక్కడ ఏం అడిగారో గుర్తుండదు.

బేనీషా, తోతాపురి, నీలం, మల్గోవా అని నాలుగు రకాలే అయితే సెలెక్ట్ ఎందుకు? రేడియో బటన్లు పెట్టు. వాటి రంగు మార్చడానికి ‘యాక్సెంట్-కలర్’ ఒక్క వరస చాలు, బొమ్మలు గీసుకోనక్కర్లేదు. లేబుల్‌కే ప్యాడింగు ఇచ్చి ఒక్కో వరస 44 పిక్సెళ్ళ ఎత్తు వచ్చేట్టు చూడు. పిన్‌కోడ్ గడి మాత్రం పొడుగ్గా సాగదీయకు. 10 సీహెచ్ (ఒక సీహెచ్ అంటే సున్నా అంకె వెడల్పు) ఇస్తే ప్యాడింగు పోను 517001 హాయిగా పడుతుంది.

జూన్ ఎండలో, లారీ పక్కన నిలబడి చూసే ఫారం ఇది. తెల్లని బ్యాక్‌గ్రౌండ్ మీద సీసీసీ అనే లేత బూడిద రంగు బోర్డరు అక్కడ కనపడనే కనపడదు. గడి అంచుకు బ్యాక్‌గ్రౌండ్‌తో కనీసం 3:1, అక్షరాలకు 4.5:1 వెలుగు తేడా (కాంట్రాస్టు) ఉండాలి. 767676 అనే బూడిద రంగు తెలుపు మీద ఆ 4.5ని అతి కష్టంగా దాటుతుంది, అంతకన్నా లేతకు పోకు. ఎంచుకున్న గడి చుట్టూ బ్రౌజర్ గీసే గీత వల్ల అందం చెడుతోందని ‘అవుట్‌లైన్: నన్’ రాసి దాన్ని తీసేసే అలవాటు నీకూ ఉంటే మానుకో. మండీ ఆఫీసులో ట్యాబ్ కీతో గబగబా నింపే గుమాస్తాకు తానెక్కడున్నాడో తెలిసేది ఆ గీతతోనే. కీబోర్డుతో గడిలోకి వచ్చినప్పుడు వర్తించే ‘ఫోకస్-విజిబుల్’ మీద 3 పిక్సెళ్ళ ముదురు గీత, గడికీ గీతకీ మధ్య 2 పిక్సెళ్ళ ఎడం (ఆఫ్‌సెట్) పెట్టు.

తప్పుల రంగు ‘ఇన్‌వాలిడ్’ (సరిగ్గా నింపని గడులకు వర్తించే గుర్తు) మీద వెయ్యొద్దు. తప్పనిసరి గడులన్నీ ఖాళీగా ఉన్నందుకే ఫారం తెరవగానే ఎర్రబడతాయి, ఏమీ చెయ్యకముందే తిట్టినట్టుంటుంది. ‘యూజర్-ఇన్‌వాలిడ్’ అయితే మనిషి గడి నింపి బయటికొచ్చేదాకా ఆగుతుంది. ఎరుపు ఒక్కటే చాలదు, ‘ఫోన్ నంబరు 10 అంకెలు ఉండాలి’ అని గడి కిందే రాయి.

అంతా అయ్యాక బ్రౌజర్‌లో 360 పిక్సెళ్ళ వెడల్పు పెట్టి చూడు, 200 శాతం జూమ్‌లో చూడు, మౌస్ ముట్టకుండా చివరి బటన్ దాకా పోయి చూడు. మూడింటిలో ఎక్కడ ఆగిపోయినా స్క్రీన్‌షాట్ తీసి పంపు, చూసి చెప్తాను.

మీ పెదనాయన